గాజా పిల్లల మీద కథ రాసిన అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుణుపూర్ నుంచి నువ్వు పంపిన కథ అందింది. ఆ పిల్లల కోసం నీ కడుపు తరుక్కుపోతోందని ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. కానీ నీ కథలో పిల్లాడు ఏడవడానికే పుట్టినట్టున్నాడమ్మా. చెల్లెలు దుప్పటి లాక్కుంటే గిల్లాడని రాశావు చూడు, ఆ ఒక్కచోటే వాడు నాకు కనిపించాడు. అలాంటివి ఇంకా కావాలి. యుద్ధంలో ఉన్నా పిల్లలు పిల్లలే కదా, పోట్లాడుకుంటారు, ఆడుకుంటారు, అన్నానికి వంకలు పెడతారు.

గాజాలో ఉన్న ఒకే ఒక్క కాథలిక్ చర్చి హోలీ ఫ్యామిలీ. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక వందలమంది అందులో తలదాచుకున్నారు. పోప్ ఫ్రాన్సిస్ దాదాపు రోజూ సాయంత్రం వాళ్లకి ఫోన్ చేసేవారు. ఎలా ఉన్నారు, ఇవాళ ఏం తిన్నారు అని అడిగేవారు. 2025 ఏప్రిల్‌లో చనిపోవడానికి రెండు రోజుల ముందు కూడా చేశారు. ఆ జూలై 17న ఇజ్రాయెల్ సైన్యం పేల్చిన గుండు అదే చర్చికి తగిలి ముగ్గురు పోయారు.

నీ కథ చివర్లో ప్రార్థన అవగానే బాంబులు ఆగిపోయాయి. అది తీసెయ్యి. నేనూ ప్రతి ఆదివారం ఆ పిల్లల కోసం మోకరిస్తాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. బాంబులు ఆగకపోయినా మర్నాడు సాయంత్రం మళ్లీ ఫోన్ మోగడం రాయి. అది నేను నమ్ముతాను.

ఇంకో మాట. మన గజపతి జిల్లా పక్కనే కంధమాల్. అక్కడ జరిగింది యుద్ధం కాదు, కానీ 2008లో క్రైస్తవుల మీద జరిగిన అల్లర్లలో వేలమంది రాత్రికి రాత్రి ఇళ్లొదిలి అడవుల్లోకి పరుగెత్తారు, తర్వాత శిబిరాల్లో బతికారు. అప్పటి పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. వాళ్లలో ఎవరైనా మాట్లాడతానంటే వెళ్లి కూర్చో. ఏం జరిగిందని మొదలెట్టకు. శిబిరంలో ఏ ఆటలు ఆడుకునేవారు, రాత్రి ఎవరి పక్కన పడుకునేవారు అని అడుగు. ఒడియాలో చెబితే ఒడియాలోనే రాసుకో, తెలుగు సంగతి తర్వాత. చెప్పడం ఇష్టం లేదంటే బలవంతపెట్టకు, టీ తాగి వచ్చెయ్యి.

తిరగరాశాక పంపు. తొందరేం లేదు. ఆ దుప్పటి వాక్యం మాత్రం ముట్టుకోకు.

నీ పెద్దమ్మ