కాలు సెప్టిక్ అయింది

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. పుండు పడిన కాలిని నాయనమ్మ కుచ్చిళ్ల కింద దాచుకునే చోట చాలాసేపు ఆగిపోయాను. ఆ వెంటనే కోపం వచ్చింది. "ఆమె పాదం సంక్రమణకు గురైంది" అని రాశావు. కొడుకు తెచ్చింది "క్రిమినాశక ద్రావణం" అట. ఆ ఇంట్లో ఎవరమ్మా అలా మాట్లాడేది? "కాలు సెప్టిక్ అయింది, డెటాల్ పట్రా" అంటారు.

ఇంగ్లీషు మాట కదా అని వెనకాడావేమో. అసలది గ్రీకు నుంచి వచ్చింది. సెప్సిస్ అంటే కుళ్ళడం. కుళ్ళనివ్వనిది యాంటీసెప్టిక్. 1750 ప్రాంతంలోనే జాన్ ప్రింగిల్ అనే సైనిక వైద్యుడు, మాంసం కుళ్ళకుండా ఏవి ఆపుతాయో పరీక్షిస్తూ ఈ మాట వాడాడు. పుండు చెడడానికి సూక్ష్మజీవులు కారణమని అప్పటికింకా తేలలేదు. 1865లో గ్లాస్గోలో బండి చక్రం కింద పడి పదకొండేళ్ల పిల్లవాడి కాలు విరిగితే, జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ ఆ గాయానికి క్రిముల్ని చంపే కార్బాలిక్ ఆసిడ్‌లో తడిపిన గుడ్డ కట్టాడు. చీము పట్టలేదు, ఆరు వారాల్లో ఎముక అతుక్కుంది. మన పెరట్లో సెప్టిక్ ట్యాంకుదీ ఇదే మాట. అక్కడ మాత్రం కుళ్ళడమే మనకు కావాలి.

ఇంకో సంగతి. డాక్టర్లు ఇప్పుడు సెప్సిస్ అనేది, ఇన్‌ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలే దెబ్బతినే ప్రమాద స్థితిని. ఇంట్లో సెప్టిక్ అంటే చీము పట్టిన పుండు. నీ కథలో డాక్టరు మొదటిది చెబితే నాయనమ్మకు రెండోదే వినపడుతుంది. ఆ చోటు నువ్వు వదిలేశావు!

మా నాన్న అరికాల్లో తుమ్మముల్లు దిగింది. అమ్మ పసుపు అద్దింది. నాలుగో రోజుకి పాదం ఉబ్బిపోయింది. కాంపౌండర్ కట్టు విప్పగానే గదంతా వాసన. "సెప్టిక్ అయిందమ్మా" అన్నాడు. అమ్మ ఆ మాట వినడం అదే మొదటిసారి. అర్థం మాత్రం ఎవరినీ అడగలేదు. నాన్నకు రెండు వేళ్లు పోయాయి.

నా మొదటి కథ అదే. ఎడిటర్ గారు ఆ మాట కొట్టేసి "పూతిస్థితి" అని అచ్చు వేశారు. ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పత్రిక తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. "నాన్నకొచ్చింది ఇది కాదు కదరా, ఇదేం జబ్బు?" అంది.

ఆ రెండు వాక్యాలూ తిరగరాసి పంపు. కట్టు విప్పే చోట వాసన కూడా రాయి.