అందరికీ నచ్చింది మనకు నచ్చకపోతే తోటి అభిమానులతో ఎలా మాట్లాడాలి?

మీ ప్రశ్నలో రెండు చిక్కులు కలిసి ఉన్నాయి. చదివిన పుస్తకం గురించో, చూసిన సినిమా గురించో నలుగురితో పంచుకోవాలని ఉన్నా "బాగుంది", "బాగాలేదు" అన్న రెండు ముక్కలు దాటి మాట సాగడం లేదన్నది ఒకటి. తోటి అభిమానులు నెత్తిన పెట్టుకున్నది మీకు నచ్చనప్పుడు ఆ మాట పైకి అనాలా, గొడవెందుకని ఊరుకోవాలా అన్నది రెండోది. వీటితో పాటు, ప్రేమగా పుస్తకం ఇచ్చి "చదివి చెప్పు" అన్న స్నేహితుడికి ఏం చెప్పాలని కూడా అడిగారు. చాలా ఏళ్లుగా ఒక చిన్న పాఠక బృందంలోనూ, సినిమాలు చూసి చర్చించుకునే మిత్రుల మధ్యనూ మసలుతున్న అనుభవంతో చెబుతున్నాను: మొదటి చిక్కు విడితే రెండోది చాలావరకు దానంతటదే సడలుతుంది. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం కారణం చూపించని తీర్పుల దగ్గరే మొదలయ్యాయి. రచనలో ఫలానా చోటు అని వేలు పెట్టి చూపించి మాట్లాడినవారితో విభేదించినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, వారి మీద కోపం తెచ్చుకున్నవాళ్లు అరుదు.

దీనికి మా బృందంలో జరిగిన ఒక చర్చ చెబుతాను. ఆ రోజు తీసుకున్నది ఒక కుటుంబ నవల. ఇద్దరు ముగ్గురు "సాగదీశాడు" అన్నారు, ఇంకో ఇద్దరు "గొప్ప నవల" అన్నారు, అక్కడితో మాట ఆగిపోయింది. అంతవరకూ పెదవి విప్పని ఒకావిడ పుస్తకం తెరిచి, ఆస్తి పంపకాలు జరిగే అధ్యాయం తీశారు. ఆ అధ్యాయం పొడవునా తండ్రీ కొడుకులూ అనే ప్రతి మాటా కొటేషన్ గుర్తుల మధ్య, వాళ్ల గొంతుతోనే ఉందనీ, తల్లి అన్న మాటల్లో మాత్రం ఒక్కటి కూడా అలా లేదనీ, ఆమె ఏమందో రచయిత తన మాటల్లో క్లుప్తంగా చెప్పేసి ముందుకు వెళ్లిపోయాడనీ పేజీలు తిప్పి చూపించారు. "ఆమె గొంతు మనకు వినిపించనివ్వలేదు. ఇది రచయిత కావాలని చేసిందో, పట్టించుకోక జరిగిందో నేను తేల్చుకోలేకపోయాను. ఈ నవల నాకు పూర్తిగా నచ్చకపోవడానికి కారణం అదే" అన్నారు. దాంతో అందరి చేతుల్లోనూ పుస్తకాలు తెరుచుకున్నాయి. నవలను మెచ్చినవారు వెతికి వెతికి, చివరి భాగంలో ఆ తల్లి మొట్టమొదటిసారి నేరుగా మాట్లాడే ఒకే ఒక్క వాక్యాన్ని పట్టుకొచ్చి, ఆ వాక్యానికి బలం రావడం కోసమే రచయిత అంతవరకూ ఆమెను మౌనంగా ఉంచాడని వాదించారు. "సాగదీశాడు" అన్నవారు కూడా, తమకు సాగినట్టు అనిపించింది సరిగ్గా ఆ పంపకాల అధ్యాయమేనని అప్పుడు గుర్తించారు. ఎవరి అభిప్రాయమూ తలకిందులు కాలేదు, అయినా ఆ గంటలో ఆ నవల మా అందరికీ ఇంకాస్త లోతుగా తెలిసింది.

కాబట్టి మాటలు రావడం లేదని మీరు అనుకుంటున్నప్పుడు కొరత భాషలో ఉండదు, గమనికలో ఉంటుందని నా నమ్మకం. పెద్ద పెద్ద విమర్శ పదాలు నేర్చుకోనక్కర్లేదు. కథ ఎవరి కళ్లతో చూపిస్తున్నారు, ఏ పాత్రకు ఏం తెలుసు, కాలం ఎక్కడ గెంతింది, ఏ సంఘటనను వివరంగా రాశారు, దేన్ని ఒక్క వాక్యంలో దాటేశారు అన్నవి చూసుకుంటూ చదివితే, నచ్చడానికీ నచ్చకపోవడానికీ కారణాలు పేజీల్లోనే దొరుకుతాయి. నేను చదివేటప్పుడు మనసు కదిలిన చోటా, విసుగు పుట్టిన చోటా పెన్సిల్‌తో సన్నని గీత పెట్టుకుంటాను. కారణం అప్పటికప్పుడు తెలియకపోయినా ఆ చోటు గుర్తుంటే చాలు, తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

సినిమా విషయంలో ఇది కొంచెం కష్టం, ఎందుకంటే అది మన కోసం ఆగదు, పైగా చాలామంది పని ఒక్కచోట కలిసిపోయి కనిపిస్తుంది. "నటన అద్భుతం" అని మనం మెచ్చుకున్న క్షణం నిజానికి ఎడిటర్ చేసిన పని కావచ్చు. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో చేసిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. ఆయన సహచరుడు పుదోవ్‌కిన్ వివరించిన ప్రకారం, ఏ భావమూ ప్రకటించని ఒక నటుడి ముఖాన్నే తీసుకుని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటికలో ఉన్న స్త్రీ పక్కన, ఒకసారి బొమ్మతో ఆడుకుంటున్న పాప పక్కన అతికించి చూపించారు. ముఖం ఒక్కటే అయినా, ప్రేక్షకులు అందులో ఆలోచననూ, దుఃఖాన్నీ, సంతోషాన్నీ వేరువేరుగా చూసి నటుణ్ణి మెచ్చుకున్నారట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఒక సన్నివేశం నన్ను కదిలిస్తే, దానికి ముందు ఏ షాట్ వచ్చింది, తర్వాత ఏది వచ్చింది, నేపథ్య సంగీతం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని వెనక్కి వెళ్లి చూసుకోవడం అలవాటైంది. "తండ్రి బయలుదేరాక కూడా కెమెరా ఆ ఖాళీ గుమ్మాన్ని వదలకుండా అక్కడే ఉంది, సంగీతం లేదు, అక్కడ నా కంట నీరు తిరిగింది" అని చెప్పగలిగితే, ఆ సినిమా నచ్చనివారికి కూడా మీరు ఏం చూశారో కనిపిస్తుంది.

ఇక రెండో మెట్టు, రచనలో ఉన్నదాన్నీ మనలో ఉన్నదాన్నీ విడదీసి చూసుకోవడం. ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం మొదట్లో కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు, నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యలో రసాస్వాదనకు అడ్డుపడే విఘ్నాలు ఏడని లెక్క చెప్పాడు. చూపిస్తున్నది జరిగేదేనని నమ్మకం కుదరకపోవడం వాటిలో ఒకటి. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండటం మరొకటి. మొదటిది చాలావరకు రచనలోని లోపం, రెండోది మనం వెంట తెచ్చుకున్నది. అంత సూక్ష్మంగా విడదీసిన ఆ విభజన ఈనాటి చర్చలకూ అక్షరాలా పనికివస్తుంది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేని రోజుల్లో ఆసుపత్రి నేపథ్యంలో నడిచే నవల చదివితే ఆ బరువు నవలదా, మనదా అని వెంటనే తేలదు. అలాంటప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పడమే మేలు. "నేను ఈ పుస్తకం చదివిన సమయం అలాంటిది, అందుకే మూడో భాగం నాకు భరించలేనిదిగా తోచి ఉండవచ్చు" అన్న ఒక్క మాటతో, వినేవారు మీ అభిప్రాయాన్ని ఎంత వరకు తీసుకోవాలో తామే నిర్ణయించుకుంటారు.

కవి పేరు, తోటివారి మెప్పు లాంటివి, మనలోకి బయటి నుంచి వచ్చి చేరేవి కూడా ఉంటాయి. కేంబ్రిడ్జ్‌లో పాఠం చెప్పిన ఐ. ఎ. రిచర్డ్స్ పదమూడు కవితలను కవుల పేర్లు తీసేసి విద్యార్థుల చేతికిచ్చి, చదివి ఏమనిపించిందో రాయమన్నాడు. ఆ స్పందనలను 1929లో పుస్తకంగా ప్రచురించాడు. పేరున్న కవుల కవితలు కొన్ని తీవ్ర నిందకు గురికాగా, ఎవరూ పట్టించుకోని కవితలకు ప్రశంసలు దక్కాయి. తోటివారి మెప్పు ప్రభావాన్ని కొలిచిన ప్రయోగం 2006లో వెలువడింది. 14,000 మందికి పైగా శ్రోతలకు, ఎవరికీ అంతగా తెలియని 48 పాటలు వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో వారికి కనిపించేలా చేశారు. అంకెలు కనిపించిన గుంపుల్లో ఆదరణ ఉన్న పాటలకు ఆదరణ మరీ పెరిగింది. పైగా ఒక గుంపులో పైకి వచ్చిన పాట మరో గుంపులో పైకి వస్తుందన్న భరోసా లేకపోయింది. అందుకే సినిమా చూసి బయటికి వచ్చాకా, పుస్తకం మూసేశాకా, రేటింగులూ సమీక్షలూ చూసేలోపు నాకు తోచింది నాలుగు వాక్యాల్లో రాసి పెట్టుకుంటాను. ఇతరుల మాట విని మనసు మార్చుకోవడంలో తప్పేమీ లేదు, అది చర్చకు దక్కే ఫలితమే. అయితే మార్చుకోవడానికి ముందంటూ ఒకటి మన దగ్గర ఉండాలి కదా.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. నచ్చలేదని చెప్పాలా అంటే, తప్పకుండా చెప్పాలి. అందరూ ఒకే మాట అనుకునే చోట కూర్చోవడంలో ఉండే హాయి కొద్దిసేపే. అందరి మెప్పూ శాశ్వతం కాదనడానికి బ్రిటిష్ పత్రిక సైట్ అండ్ సౌండ్ 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులతో జరిపే అత్యుత్తమ సినిమాల ఎంపికే సాక్ష్యం. 1962 నుంచి 2002 వరకు వరుసగా మొదటి స్థానంలో నిలిచిన సిటిజన్ కేన్‌ను 2012లో వెర్టిగో పక్కకు నెట్టింది. ఆ వెర్టిగో 1958లో విడుదలైనప్పుడు పొందింది మిశ్రమ స్పందన మాత్రమే. 2022లో దాన్ని కూడా దించి బెల్జియన్ దర్శకురాలు షాంతాల్ ఏకర్‌మాన్ తీసిన చిత్రం పైకి వచ్చింది. జీవితమంతా సినిమాలు చూసినవారి మధ్యనే ఇంత మార్పు ఉంటే, మీ అభిప్రాయం పదిమందికి భిన్నంగా ఉన్నంత మాత్రాన మీకు చూడటం రాలేదని అనుకోవలసిన పని లేదు.

అయితే ప్రాణంగా ప్రేమించేవారి దగ్గర ఎలా చెప్పాలన్నది వేరే సంగతి. నేను పాటించేది ఏమిటంటే, నా మాట మొదలుపెట్టే ముందు "మీకు ఇందులో మళ్లీ మళ్లీ గుర్తొచ్చే చోటు ఏది?" అని అడుగుతాను. ఈ ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు, జవాబు నిజంగా కావాలి. ఒక పుస్తకాన్ని పదిసార్లు చదివినవారికి, ఒక్కసారి చదివిన నాకు కనిపించనివి కనిపించి ఉంటాయి. వారు చెప్పిన చోటు నాకూ నచ్చితే ఆ మాట ముందు ఒప్పుకుంటాను. ఆ తర్వాత నాకు అడ్డుపడిన చోటు చూపిస్తాను. చాలాసార్లు తేలేది ఏమిటంటే, ఇద్దరం ఒకే లక్షణాన్ని చూశాం, వారు దానికి వేసిన విలువ వేరు, నేను వేసినది వేరు. వర్ణన నెమ్మదిగా సాగడం వారికి ఊరట, నాకు అడ్డంకి. అక్కడికి చేరాక ఇక వాదించడానికి ఏమీ మిగలదు, విభేదం స్పష్టంగా, శాంతంగా ఉంటుంది.

రచన గురించి అనే మాట అభిమానుల మీదకు జారకుండా చూసుకోవడం దీనికి తోడుగా చాలా అవసరం. "సంభాషణలు కృత్రిమంగా ఉన్నాయి" అంటే చర్చ. "ఇలాంటివి ఎలా చూస్తారో" అంటే ఎదుటి మనిషి వయసు, చదువు, బతుకు అన్నిటినీ కలిపి తూలనాడినట్టే. ఒక దర్శకుణ్ణి చిన్నప్పటి నుంచి ఆరాధించేవారికి ఆ సినిమాలతో పాటు చూసిన మనుషులూ, గడిచిన రోజులూ అందులో కలిసిపోయి ఉంటాయి. వాటి జోలికి వెళ్లే హక్కు మనకు లేదు. అలాగని ప్రతి వాక్యానికీ ముందు "ఇది నా వ్యక్తిగత అభిప్రాయం మాత్రమే" అని తగిలించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. అభిప్రాయం వ్యక్తిగతమేనని అందరికీ తెలుసు. ఆ మాట చాటున కారణం చెప్పకుండా తప్పుకునేవారినే నేను ఎక్కువగా చూశాను. ఇంకొకటి, పుస్తకాన్ని మధ్యలో వదిలేసి ఉంటే ఎక్కడ వదిలేశారో చెప్పి మాట్లాడండి. వందో పేజీ వరకు చదివినవారి మాటకూ విలువ ఉంటుంది, అది వంద పేజీల గురించిన మాటగా ఉన్నంత కాలం.

కథలోని మలుపులు ముందే బయటపెట్టడం గురించి ఎక్కువ చెప్పను. వాటి వల్ల ఆనందం తగ్గుతుందా అన్నదాని మీద పరిశోధకులు చేసిన ప్రయోగాల్లోనే ఫలితాలు రెండు వైపులా వచ్చాయి. అయినా ఎవరి ఆనందం వారిది కనుక, ఎదుటివారు చదివారో లేదో అడిగి తెలుసుకున్నాకే ముగింపు గురించి మాట్లాడటం మంచిది.

చివరగా, ఎంతో ప్రేమగా పుస్తకం చేతిలో పెట్టి "చదివి చెప్పు" అన్న స్నేహితుడికి ఏం చెప్పాలని అడిగారు. నచ్చిందని అబద్ధం చెప్పకండి, ఎందుకంటే వచ్చే నెల అలాంటిదే ఇంకొకటి తెచ్చిస్తాడు. పుస్తకంలో మీరు ఆగి రెండోసారి చదివిన వాక్యం ఒక్కటైనా ఉంటుంది, దానితో మొదలుపెట్టండి. ఎక్కడి నుంచి మీకు పట్టు తప్పిందో పేజీతో సహా చూపించి, ఆ చోట అతనికి ఏమనిపించిందో అడగండి. అతను చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డు తగలకుండా పూర్తిగా వినండి. ఆ మనిషికి ఏ పుస్తకం నచ్చుతుందో, ఎందుకు నచ్చుతుందో మీకు ఆ సంభాషణలోనే తెలుస్తుంది, ఈసారి పుస్తకం ఇచ్చే వంతు మీది.