సొంత ఆల్బమ్ అమ్మకంతో జీవనం సాగుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పెళ్లయ్యాక చెన్నైలో స్థిరపడ్డాను. కర్ణాటక సంగీతంలో డిప్లొమా చేసి, ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. కిందటి ఏడాది దాచుకున్న డబ్బుతో సాలిగ్రామంలోని ఒక స్టూడియోలో కొన్ని అన్నమాచార్య కీర్తనలు వయొలిన్, మృదంగ సహకారంతో రికార్డు చేయించి, ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్ట్రీమింగ్ యాప్‌లన్నింటిలో పెట్టాను. విన్నవారు మెచ్చుకున్నారు గాని, వచ్చిన డబ్బు స్టూడియో అద్దెలో పదో వంతు కూడా లేదు. ఇప్పుడు ఒక ఆడియో కంపెనీ వారు కొంత మొత్తం ఒకేసారి ఇస్తామనీ, హక్కులన్నీ రాసిమ్మనీ అడుగుతున్నారు. ఇవ్వవచ్చా? నా రికార్డింగులను నేనే అమ్ముకుని బతకడం సాధ్యమేనా?
– ఒక గాయని, చెన్నై

జవాబు: అమ్మా, ఆ పత్రం మీద ఇప్పుడే సంతకం చేయకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు హక్కుదారు దాని నిర్మాత. చొరవ తీసుకుని, బాధ్యత వహించి దానిని చేయించినవారే నిర్మాత. స్టూడియో అద్దె, వాద్యకారుల పారితోషికం మీరే చెల్లించారు కాబట్టి ఆ హక్కు మీదే తప్ప స్టూడియో యజమానిదీ కాదు, సౌండ్ ఇంజనీరుదీ కాదు. విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లపాటు అది నిలిచి ఉంటుంది. అంత కాలం మీ కుటుంబానికి ఎంతో కొంత తెచ్చిపెట్టగల ఆస్తిని, చేతిలో డబ్బు లేని ఒక్క నెలను చూసి వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇదే చట్టంలోని 19వ సెక్షన్‌ను కూడా తెలుసుకోండి. హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావించాలి. బదిలీ చేయించుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వినియోగించకపోతే, పత్రంలో వేరుగా రాసుకుంటే తప్ప, ఆ బదిలీ రద్దవుతుంది. కంపెనీ పత్రాలలో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న మాటలు కనిపించడానికి కారణం ఇదే. డబ్బు నిజంగా అవసరమైతే, హక్కును మీ దగ్గరే ఉంచుకుని మూడేళ్లకో అయిదేళ్లకో లైసెన్సు మాత్రమే ఇస్తానని చెప్పండి. దానికి వారు ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయడమే మేలు. వయొలిన్, మృదంగ విద్వాంసులకు కూడా ప్రదర్శకులుగా చట్టబద్ధమైన హక్కులున్నాయి కాబట్టి, పారితోషికం ముట్టిందనీ, అమ్మకానికీ స్ట్రీమింగ్‌కూ సమ్మతమేననీ వారి చేత ఒక పేజీ రాయించుకుని దాచుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీరు అడగని విషయం: ఆ కీర్తనల బాణీలు ఎవరివి? అన్నమయ్య 1408–1503 మధ్య జీవించినవాడు. ఆయన సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. అయితే తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయే గాని స్వరాలు లేవు. మనం ఇవాళ పాడుకునే బాణీలలో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. సంగీత రచనకు కర్త మరణించాక 60 ఏళ్ల దాకా రక్షణ ఉంటుంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు కాబట్టి వారి బాణీలకు 2039 చివరి వరకు, 2014లో కన్నుమూసిన నేదునూరి కృష్ణమూర్తి గారి బాణీలకు 2074 చివరి వరకు ఆ రక్షణ వర్తిస్తుంది. ఉద్యోగంలో భాగంగా ఒక సంస్థ కోసం కట్టిన బాణీ అయితే హక్కు ఆ సంస్థకే చెందవచ్చు. కచేరీలో పాడటం వేరు, రికార్డు చేసి అమ్మడం వేరు. చట్టంలోని 31సి సెక్షన్ కింద కవర్ వెర్షన్‌కు, అంటే ఇదివరకే రికార్డయిన పాటను మళ్లీ పాడి చేసే రికార్డింగుకు, లైసెన్సు మార్గం ఉన్నప్పటికీ, మొదటి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడవాలి, పైగా ఏటా కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ కట్టాలి కాబట్టి, మీవంటి వారికి అది మోయలేని భారం. బాణీకర్తకో వారి వారసులకో, సంస్థ అయితే ఆ సంస్థకో నేరుగా ఉత్తరం రాసి అనుమతి పొందండి. ఆల్బమ్ వివరాలలో వారి పేరు తప్పక వేయండి.

తరువాతి ఆల్బమ్‌కు ఇంకొక దారి సూచిస్తాను. బాణీ లేని అన్నమయ్య కీర్తనలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మీరే బాణీ కట్టండి. అప్పుడు మీరు గాయని, నిర్మాత మాత్రమే కాదు, సంగీతకర్త కూడా అవుతారు. సంగీతకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీ, 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యత్వం తీసుకోవచ్చు. 2012లో వచ్చిన సవరణ ప్రకారం, సంగీతకర్తకు రావలసిన రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వడం చెల్లదు. అంటే రేపు ఏ కంపెనీ పత్రం మీద సంతకం చేసినా ఆ వాటా మీకు మిగులుతుంది.

ఇక స్ట్రీమింగ్. అక్కడి రాబడి మీద జీవనం సాగదని ఖాయంగా చెప్పగలను. చందాలు, ప్రకటనల ద్వారా పోగైన మొత్తాన్ని వినికిడి సంఖ్యల నిష్పత్తిలో పంచుతారు కాబట్టి కోట్లసార్లు వినే సినిమా పాటల పక్కన మన వంతు ఎప్పుడూ చిన్నదే. స్పాటిఫైలో 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు ఏమీ రాదు. అక్కడ పాటలు ఉంచండి, కొత్త శ్రోతలు దొరుకుతారు. అమ్మకం మాత్రం మరోచోట జరగాలి.

మిమ్మల్ని ఎరిగినవారికి నేరుగా అమ్మడమే ఆ మరోచోటు. డిసెంబరు సీజన్‌లో మైలాపూర్, టి.నగర్ సభలకు వచ్చే రసికులు కచేరీ ముగిసిన వెంటనే కొనడానికి సిద్ధంగా ఉంటారు. ఇంట్లో సీడీ ప్లేయర్ లేనివారికి పెన్‌డ్రైవ్, డౌన్‌లోడ్ కోడ్ ముద్రించిన కార్డు పనికొస్తాయి, యూపీఐతో డబ్బు అక్కడికక్కడే అందుతుంది. విదేశాల్లోని తెలుగువారికి, కళాకారులు నేరుగా పాటలు అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్ అనుకూలం. డిజిటల్ అమ్మకంలో అది 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు రుసుము అదనం. అయితే అక్కడ డబ్బు పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవ ద్వారా వస్తుంది, పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో దేశీయ చెల్లింపులు ఆపేసింది, కాబట్టి ఇక్కడివారికి అమ్మకం వేరుగా చూసుకోవాలి. అమెరికాలో వినేవారి వల్ల యూట్యూబ్‌లో వచ్చే ఆదాయంపై అక్కడ 30 శాతం వరకు పన్ను కోస్తారు. పాన్ నంబరుతో డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను పత్రం నింపితే రెండు దేశాల ఒప్పందం ప్రకారం అది 15 శాతానికి తగ్గుతుంది. చాలామంది ఈ చిన్న పని చేయక నష్టపోతున్నారు.

ఏమి అమ్మాలన్నది కూడా ఆలోచించండి. వినడానికి ఉచితంగా దొరికేదానికి డబ్బివ్వనివారు కూడా నేర్చుకోవడానికి ఉపయోగపడేదానికి ఇస్తారు. ఒక్కొక్క కీర్తనను పంక్తి పంక్తిగా విడదీసి పాడిన పాఠం, స్వరసహిత పీడీఎఫ్, తంబురతో సాధన చేసుకునే ట్రాక్ కలిపి ఒక సెట్టుగా పెట్టండి. మీ శిష్యుల తల్లిదండ్రులే మొదటి కొనుగోలుదారులు. వెంపటి చిన్న సత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన ఊరు మీది. ఇక్కడి నాట్యగురువులకు, విదేశాల్లో అరంగేట్రం చేసే పిల్లలకు రికార్డు చేసిన సంగీతం కావాలి. అడిగిన నిడివికి, అడిగిన జతులతో చేసిచ్చే ఈ పనికి పారితోషికం ముందుగానే మాట్లాడుకోవచ్చు. పాఠాలు, కచేరీలు, ఈ రికార్డింగు పనులు కలిస్తే జీవనం సాగుతుంది. ఆల్బమ్ అమ్మకం ఒక్కదాన్నే నమ్ముకుని పాఠాలు మానేయవద్దు.

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్న వయొలిన్ కళాకారుణ్ణి. నేను వాయించి యూట్యూబ్‌లో పెట్టిన త్యాగరాజ కృతికి ఒక కంపెనీ హక్కు తమదని క్లెయిమ్ వేసింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, ఆయన కృతులు అందరివీ. ఆ కంపెనీకి హక్కు ఉన్నది తాము చేయించిన రికార్డింగు మీద మాత్రమే. వరుస ఒకటే కావడంతో, పాటలను పోల్చి చూసే యూట్యూబ్ యంత్రం రెండింటినీ ఒకటిగా పోల్చుకుని ఉండవచ్చు. ‘కృతి కాపీరైట్ పరిధిలో లేదు, వాద్యం నాది, రికార్డింగు నాది’ అని స్పష్టంగా రాసి యూట్యూబ్‌లోనే డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. 30 రోజుల్లో వారు స్పందించకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది. రికార్డు చేసిన రోజు విడి ట్రాకుల ఫైళ్లను మాత్రం చెరిపివేయకండి. వివాదం ముదిరితే మీ చేతిలో ఉండే బలమైన ఆధారం అవే.