పత్తి మిల్లులో ఫ్యాన్లు శుభ్రం చేసేవారికి సెలవు మర్నాడే ఆయాసం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. పల్నాడు జిల్లాలోని ఒక స్పిన్నింగ్ మిల్లులో చాలా కాలంగా మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా పని చేస్తున్నాను. పత్తిని విడదీసి దులిపే బ్లో రూమ్, దాన్ని దువ్వే కార్డింగ్ విభాగాల్లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లను, షెడ్డు గాలిలో తేమను సరిగా ఉంచే హ్యుమిడిఫికేషన్ ప్లాంటులోని పెద్ద ఫ్యాన్లను విప్పి శుభ్రం చేయడం, బేరింగులు, బెల్టులు మార్చడం, స్పేర్ ఫ్యాన్లను గోడౌన్‌లో భద్రపరచడం నా పని. కొంతకాలంగా వారపు సెలవు తర్వాత డ్యూటీకి వెళ్లిన రోజు మధ్యాహ్నానికల్లా ఛాతీ బిగబట్టినట్టు అవుతోంది. పొడి దగ్గు, ఆయాసం వస్తున్నాయి. మొదట్లో మర్నాటికి తగ్గిపోయేది, ఇప్పుడు రెండో రోజు, మూడో రోజు కూడా ఉంటోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. రోజుకు నాలుగైదు బీడీలు కాలుస్తాను. చెవుల్లో గుయ్‌మనే శబ్దం కూడా ఉంటోంది. ఇది ఆస్తమానా? నేను ఈ పని మానేయాలా?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సమాచారం సెలవు మర్నాడు బాధ ఎక్కువగా ఉంటోందన్న మాట. సాధారణ ఆస్తమా ఇలా వారాన్ని చూసుకుని రాదు. పత్తి దుమ్ములో పని చేసేవారికి వచ్చే బైసినోసిస్ అనే వృత్తి వ్యాధి మాత్రం సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. వైద్య గ్రంథాల్లో దీన్ని సోమవారపు ఆయాసంగా వర్ణిస్తారు. మన మిల్లుల్లో వారపు సెలవు ఒక్కో షిఫ్టుకు ఒక్కో రోజు ఉంటుంది కాబట్టి మీకది మంగళవారమో శనివారమో కావచ్చు. అందుకే డాక్టరు సోమవారం గురించి అడిగితే లేదని చెప్పి ఊరుకోకుండా, సెలవు తర్వాత మొదటి రోజు అని విడమరచి చెప్పండి. ఉత్తరం చూసి రోగ నిర్ధారణ చేయడం సాధ్యం కాదు గానీ, మీకు ఈ వ్యాధి ఉందేమోనని గట్టిగా అనుమానించాల్సిన లక్షణాలు ఉన్నాయి.

పత్తిలో దూదితో పాటు ఎండిన ఆకు ముక్కలు, కాయను అంటిపెట్టుకున్న తొడిమల పొడి, వాటి మీద పెరిగే బ్యాక్టీరియా ఉంటాయి. ఆ బ్యాక్టీరియా కణపు గోడల్లో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం శ్వాసనాళాల్లో వాపు తెచ్చి వాటిని బిగుసుకునేలా చేస్తుందని ఎక్కువ మంది నిపుణుల అభిప్రాయం. రోజూ దుమ్ములో ఉన్నప్పుడు శరీరం కొంత సర్దుకుంటుంది, ఒకటి రెండు రోజుల సెలవులో ఆ సర్దుబాటు పోతుంది, తిరిగి వచ్చిన రోజు ప్రభావం ఒక్కసారిగా తెలుస్తుంది. తొలి దశలో దుమ్ముకు దూరమైతే ఊపిరితిత్తులు చాలావరకు కోలుకుంటాయి. వారంలో బాధపడే రోజులు పెరుగుతున్నాయంటే వ్యాధి తర్వాతి దశకు వెళ్తోందని అర్థం. ఏళ్ల తరబడి అలాగే కొనసాగితే శ్వాసనాళాలు శాశ్వతంగా దెబ్బతింటాయి, ఆ తర్వాత పని మానేసినా పూర్తిగా నయం కాదు. మీరు ఇప్పుడు ఈ రెండు దశలకూ మధ్యలో ఉన్నట్టు కనిపిస్తోంది కాబట్టి ఆలస్యం చేయవద్దని కోరుతున్నాను.

ఎక్స్‌రే బాగుందన్న మాట విని నిశ్చింతగా ఉండకండి, ఎందుకంటే ఈ వ్యాధిలో ఎక్స్‌రే సాధారణంగా మామూలుగానే ఉంటుంది. మీకు కావాల్సింది స్పైరోమెట్రీ. గొట్టంలోకి గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వస్తోందో ఆ యంత్రం కొలుస్తుంది. సెలవు తర్వాత మొదటి రోజు డ్యూటీకి వెళ్లే ముందు ఒకసారి, షిఫ్టు ముగిశాక ఒకసారి ఈ పరీక్ష చేయించుకుంటే, రెండు కొలతల మధ్య తేడాయే అసలు సంగతి చెబుతుంది. ఒకే రోజు రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లడం కుదరకపోతే, ఊదిన గాలి వేగాన్ని చూపే, చేతిలో పట్టే చిన్న పీక్ ఫ్లో మీటరు కొనుక్కుని రెండు వారాల పాటు, సెలవు రోజులతో సహా, ఉదయం సాయంత్రం ఊది అంకెలు రాసి పెట్టుకోండి. దగ్గు రెండు వారాలు దాటింది కాబట్టి క్షయ లేదని తేల్చుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేసే కళ్లె పరీక్ష కూడా చేయించుకోండి.

ఇప్పుడు మీ పని గురించి. పత్తి మిల్లులో ఎగ్జాస్ట్ ఫ్యాన్, షెడ్డులోని గాలిని ప్లాంటుకు వెనక్కి లాగే రిటర్న్ ఎయిర్ ఫ్యాన్ కార్మికుల ఊపిరితిత్తులను కాపాడే యంత్రాలు. అవి లాగేసిన దుమ్మంతా రెక్కల మీద, ఫ్యాన్‌ను కప్పి ఉండే కేసింగ్ లోపల, గాలి వెళ్లే గొట్టం (డక్టు) మలుపుల్లో పేరుకుంటుంది. మిషన్ దగ్గర నిలబడే కార్మికుడు రోజంతా పీల్చే దుమ్ము కన్నా, ఆ కేసింగ్ విప్పి లోపలికి తల పెట్టే ఫిట్టరు గంటలో పీల్చేది ఎక్కువ కావచ్చు. మీరు ఎలా శుభ్రం చేస్తారో ఉత్తరంలో రాయలేదు గానీ, చాలా మిల్లుల్లో కంప్రెసర్ గాలి పైపు పెట్టి ఊదేస్తారు. పని తొందరగా అయిపోతుంది, రెక్కలు తళతళలాడతాయి. కానీ కంటికి కనిపించే నూగు కింద పడుతుందే తప్ప, అసలు హాని చేసే కనిపించని సన్నటి ధూళి గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. అమెరికాలో 1978లో తెచ్చిన పత్తి దుమ్ము నిబంధనలు నూలు తయారీ విభాగాల్లో ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాముల పరిమితి పెట్టడంతో పాటు, వేరే మార్గం ఉన్నచోట ఇలా గాలితో ఊదడాన్ని నిషేధించాయి. తప్పనిసరై ఊదాల్సి వస్తే ఆ పని చేసేవారు రెస్పిరేటర్ పెట్టుకోవాలని, మిగతావారు అక్కడ ఉండకూడదని అందులో ఉంది. మన మిల్లుల్లోనూ వ్యాక్యూమ్ క్లీనర్‌తో పీల్చి, మిగిలినదాన్ని బ్రష్‌తోనూ, మోటారుకు తగలకుండా తడిగుడ్డతోనూ తీయడం సాధ్యమే. షిఫ్టు చివర ఒంటి మీది దుమ్మును అదే గాలి పైపుతో దులుపుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. ఆ దుమ్ము నేరుగా మీ ముక్కులోకే వెళ్తుంది, పైగా ఒత్తిడితో వచ్చే గాలి కంటికి, చెవికి, చర్మం మీది గాయానికి తగిలితే ప్రమాదం.

ఫ్యాన్ మీద చేయి వేసే ముందు స్టార్టర్ బటన్ ఆపడం ఒక్కటే చాలదు. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, దానికి తాళం వేసి, తాళం చెవి మీ జేబులో పెట్టుకుని, మనిషి పని చేస్తున్నాడని బోర్డు తగిలించి, ఆ తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి నిజంగా కరెంటు రావడం లేదని చూసుకోవాలి. మీకు తెలిసిన విషయమే అయినా ఇంకొకటి గుర్తు చేస్తాను. ఒకే డక్టుకు రెండు ఫ్యాన్లు ఉన్నప్పుడు పక్క ఫ్యాన్ నడుస్తుంటే ఆ గాలికి, ఒక్కోసారి బయటి గాలికి కూడా, కరెంటు లేని ఫ్యాన్ రెక్కలు వాటంతట అవే తిరుగుతాయి. గాలి దారికి అడ్డుపడే డ్యాంపర్ పలకను మూసి, ఇంపెల్లర్‌ను (రెక్కల చక్రాన్ని) కదలకుండా కట్టేశాకే చేయి లోపల పెట్టాలి. బెల్టు బిగుతు చూడటానికి నడుస్తున్న పుల్లీ దగ్గర వేలు పెట్టడం, మెడలో తువ్వాలుతో పని చేయడం మీ ఆయాసం కన్నా ముందుగా మిమ్మల్ని ఆసుపత్రికి చేర్చగలవు.

ఫ్యాన్ ఆరోగ్యానికీ మీ ఆరోగ్యానికీ ఉన్న లంకె ఇక్కడితో ఆగదు. రెక్కల మీద దుమ్ము ఒకవైపు ఎక్కువగా పేరుకుంటే ఇంపెల్లర్ బ్యాలెన్స్ తప్పి అదురుతుంది, బేరింగ్ పాడవుతుంది, శబ్దం పెరుగుతుంది, లాగే గాలి తగ్గి షెడ్డులో అందరూ పీల్చే దుమ్ము ఎక్కువవుతుంది. మోటారు మార్చినప్పుడు కరెంటు తీగల ఫేజులు తారుమారై ఫ్యాన్ తిరగబడి తిరిగితే, గోడకు బిగించే ప్రొపెల్లర్ ఫ్యాన్ గాలిని వెనక్కి తోస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. హ్యుమిడిఫికేషన్ ప్లాంటుల్లో గాలిని మధ్య నుంచి పీల్చి అంచు వైపు విసిరే సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్లు ఉంటే మాత్రం, తిరగబడి తిరిగినా గాలి అదే దిక్కుకు వస్తుంది, కాకపోతే బాగా తక్కువగా. ఫ్యాన్ నడుస్తూనే ఉందని అందరూ అనుకుంటారు, లోపల దుమ్ము మాత్రం పెరుగుతూ ఉంటుంది. కేసింగ్ మీది బాణం గుర్తుతో తిరిగే దిక్కును సరిచూడటం వైద్యుడిగా నేను కూడా అడగదలచిన జాగ్రత్త.

చెవుల్లోని శబ్దం సంగతి. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడి శబ్దం చెవికి హాని చేసే స్థాయిలో ఉన్నట్టే. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి, ప్లాంటు గదిలో ఇయర్ మఫ్‌లు తప్పనిసరిగా పెట్టుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

గోడౌన్ విషయం చిన్నదిగా కనిపించినా నేను పట్టించుకుంటాను. తడి నేల మీద పెట్టిన ఫ్యాన్‌కు బూజు పడుతుంది, తెరిచి ఉన్న కేసింగ్‌లో పావురాలు గూడు పెడతాయి. ఎండిన పావురాల రెట్టను, బూజును పొడిగా ఊడ్చినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తుల్లో మరో రకం అలర్జీ జబ్బు తెస్తుంది. దానికి పత్తితో సంబంధం ఉండదు గానీ, దగ్గు, ఆయాసం అలాగే ఉంటాయి. అందుకే ఫ్యాన్లను చెక్క దిమ్మెల మీద ఎత్తుగా పెట్టి, గాలి వచ్చే నోళ్లకు మూతలు బిగించి, గాలి ఆడేలా కప్పండి. రెట్ట ఉంటే ముందు నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని తీయండి. నెలకోసారి షాఫ్టును చేత్తో కొన్ని చుట్లు తిప్పి వేరే స్థానంలో ఆపితే బేరింగ్ బంతులు ఒకేచోట నొక్కుకుపోవు. బెల్టులు వదులు చేసి ఉంచండి. మళ్లీ బిగించే ముందు ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) మోటారు వైండింగ్ చూసి, రీడింగ్ 1 మెగాఓమ్ కన్నా తక్కువ ఉంటే ఆరబెట్టాలి. ఫ్యాన్‌ను షాఫ్టు పట్టుకునో, ఇంపెల్లర్ పట్టుకునో ఎత్తకూడదు. ఎత్తే కొక్కేలకు చైన్ బ్లాక్ తగిలించి ఎత్తితే ఫ్యానూ వంకరపోదు, మీ నడుమూ పట్టేయదు.

ముఖానికి కట్టుకునే తువ్వాలు ఈ ధూళిని ఆపదు. ముక్కు దగ్గర బిగుతుగా అమరే ఎన్95 మాస్కు వాడండి. గడ్డం పెంచితే అది అంచుల దగ్గర సరిగ్గా అమరదు. బీడీలు పూర్తిగా మానాలి, ఎందుకంటే పత్తి దుమ్ము, పొగ కలిసినప్పుడు జరిగే నష్టం ఏ ఒక్కదానివల్ల జరిగేదానికన్నా ఎక్కువ. డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే భయపడకుండా వాడండి, అలవాటు పడిపోతామన్నది అపోహ. అయితే ఇన్‌హేలర్‌తో ఊపిరి తేలికైందని మళ్లీ అదే దుమ్ములోకి వెళ్తే, లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది.

పని మానేయాలా అని అడిగారు. పరీక్షలు పూర్తయ్యేదాకా ఉద్యోగం వదులుకోవద్దు. ఫ్యాన్లు విప్పే పని నుంచి తాత్కాలికంగా తప్పించి, వర్క్‌షాపు వంటి దుమ్ము లేని చోటికి మార్చమని రాతపూర్వకంగా అడగండి. స్పైరోమెట్రీలో తేడా స్పష్టంగా కనిపిస్తే ఆ మార్పు శాశ్వతం కావాలన్నది నా అభిప్రాయం. బైసినోసిస్, శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం రెండూ చట్టప్రకారం అధికారులకు తప్పనిసరిగా తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. మీకు ఈఎస్ఐ కార్డు ఉంటే ఈఎస్ఐ డిస్పెన్సరీ ద్వారానే ఛాతీ వైద్య నిపుణుడి దగ్గరికి రిఫరల్ తీసుకోండి. వృత్తి వ్యాధిగా నిర్ధారణ అయితే చికిత్సతో పాటు నష్టపరిహారం అడిగే హక్కు కూడా ఉంటుంది, దానికి ఈ కాగితాలే ఆధారం. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పీక్ ఫ్లో అంకెల పుస్తకం, పాత ఎక్స్‌రే, ఏ విభాగంలో ఎన్నేళ్లు పని చేశారో రాసిన కాగితం తీసుకెళ్లండి. ఈలోగా కళ్లెలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, రాత్రిళ్లు ఆయాసంతో నిద్ర లేస్తున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.