క్లబ్ వరసగా ఓడిపోతుంటే మేనేజర్‌ను సీజన్ మధ్యలోనే తీసేయాలా?

ఒంగోలు నుంచి మీరు అడిగింది ఇది: మీరు అభిమానించే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ వరసగా ఓడిపోతోంది, మీ స్నేహితుల్లో సగం మంది మేనేజర్‌ను (అంటే ప్రధాన కోచ్‌ను) ఇప్పుడే పంపేయాలంటున్నారు, మిగతా సగం సీజన్ అయ్యేదాకా ఆగమంటున్నారు, ఎవరి మాట సరైనది? నా జవాబు ముందే చెప్పేస్తాను. పాయింట్ల పట్టిక చూసి తీసేయకూడదు. ఆటగాళ్ళు ఆయన మాట వినడం మానేశారా, ఆయన తర్వాత ఎవరొస్తారో క్లబ్‌కు స్పష్టంగా తెలుసా, ఈ రెండే చూడాలి. రెండింటికీ అవునని జవాబు వస్తే ఒక్క వారం కూడా ఆగక్కర్లేదు. ఒక్కదానికి కాదని వచ్చినా సరే, తీసేస్తే అభిమానుల కోపం చల్లారుతుందేమో గానీ జట్టు మాత్రం బాగుపడదు.

నాది కావలి. కాలేజీ రోజుల్లోనూ ఆ తర్వాత కొన్నేళ్ళూ మా ఊరి జట్టుకు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ వైపు డిఫెండర్‌గా, ఆడాను. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను, శనివారం రాత్రి మాగుంట లేఅవుట్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో అందరం కలిసి ఇంగ్లండ్‌లోని పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ చూస్తాం, అక్కడ కూడా మీరు చెప్పిన గొడవే ప్రతి వారం. అందుకే ఈ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

మా జట్టుకు రిటైరైన పీఈటీ సార్ ఒకరు కోచ్‌గా ఉండేవారు. ఒక ఏడాది బాగా ఓడిపోయాం, ఒంగోలులో ఆడిన టోర్నమెంటులో గ్రూపు దశ కూడా దాటలేదు. జట్టు ఖర్చులు పెట్టుకునే పెద్దమనుషులు కొందరు కూర్చుని, "ఈ సార్‌తో కాదబ్బా, కొత్తాయన్ని తెస్తే అంతా సరిపోద్ది" అని తేల్చేశారు. సార్ వెళ్ళిపోయారు. కొత్త కోచ్ వచ్చాక మొదటి మ్యాచ్ గెలిచాం, అందరూ చూశారా మేం చెప్పలేదా అన్నారు. నెల తిరక్కుండానే మళ్ళీ ఓటములు, అవే గోల్స్, అదే చోటు నుంచి. ఎందుకంటే మా అసలు కష్టం వేరే. గోల్ ముందు కాచుకునే మా సెంటర్ బ్యాకులిద్దరూ ఉద్యోగాల కోసం చెన్నై వెళ్ళిపోయారు, వాళ్ళ స్థానంలో ఆడగలిగిన కుర్రాళ్ళను ఎవరూ వెతకలేదు. నా పక్కన మిడ్‌ఫీల్డ్ నుంచి లాక్కొచ్చి నిలబెట్టిన అబ్బాయి ఉండేవాడు. పాపం, కార్నర్ కిక్ వస్తే ఎవరిని కాచుకోవాలో వాడికి తెలీదు. సార్ ఈ మాట మీటింగులో చెప్పారు కూడా, ఎవరూ పట్టించుకోలేదు. మన వైపు రొయ్యల గుంటలు చేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, సీడ్ (రొయ్య పిల్లలు) బలహీనమైనదైతే పంట మధ్యలో టెక్నీషియన్‌ను మార్చినంత మాత్రాన రొయ్య ఎదగదు.

కొత్త మేనేజర్ రాగానే రెండు మూడు మ్యాచ్‌లు గెలవడం నిజంగానే జరుగుతుంది, దాన్ని నేను కాదనను. కానీ దాని వెనక ఏముందో చూడాలి. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మేనేజర్ల మార్పులను బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త పరిశీలించాడు. తీసేసిన క్లబ్బులు తర్వాత కోలుకున్నాయి, నిజమే. కానీ సరిగ్గా అంతే దిగజారి కూడా మేనేజర్‌ను మార్చని క్లబ్బులు కూడా దాదాపు అలాగే కోలుకున్నాయి. అంటే వరస ఓటముల్లో కొంత దురదృష్టం ఉంటుంది, గాయాలుంటాయి, పెద్ద జట్లతో మ్యాచ్‌లు ఒకదాని వెనక ఒకటి పడి ఉంటాయి, అవి పోగానే ఫలితాలు వాటంతటవే మామూలు స్థాయికి వస్తాయి. ఆ సమయానికి కుర్చీలో ఎవరుంటే పేరు వాళ్ళకు పోతుంది. మా కొత్త కోచ్‌కు మొదటి మ్యాచ్‌లో వచ్చిన పేరు కూడా అలాంటిదే అని ఇది చదివాక నాకు అనిపించింది.

ఇంగ్లండ్ క్లబ్ వాట్‌ఫర్డ్ సంగతి చూడండి. 2019-20 సీజన్ ఒక్కదాంట్లోనే ముగ్గురు మేనేజర్లను తీసేశారు, మూడో ఆయన్ను అయితే ఇంకా రెండు మ్యాచ్‌లే మిగిలి ఉండగా పంపేశారు. చివరికి కింది డివిజన్‌కు పడిపోనే పోయారు. ఆ ఆఖరి నిర్ణయంతో ఏం సాధించాలనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆగమనే వాళ్ళు వెంటనే ఎత్తే పేరు మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్. 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చాడు, 1989-90లో లీగ్‌లో 13వ స్థానం, అదే సీజన్‌లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ గెలిచాడు, మొదటి లీగ్ టైటిల్ 1993లో గానీ రాలేదు, 2013లో రిటైరయ్యేసరికి మొత్తం 13 లీగ్ టైటిళ్ళు. ఇవన్నీ నిజమే, కానీ ఇందులో మనవాళ్ళు వదిలేసే భాగం ఒకటుంది. ఆ ఖాళీ సంవత్సరాల్లో ఆయన ఊరికే టైమ్ అడుక్కుంటూ కూర్చోలేదు. యువ ఆటగాళ్ళను వెతికే పద్ధతి మొత్తం మార్చాడు, గిగ్స్, బెక్‌హామ్, గ్యారీ నెవిల్ ఉన్న కుర్రాళ్ళ జట్టు 1992లో ఎఫ్‌ఏ యూత్ కప్ గెలిచింది. పైజట్టు ఓడిపోతున్నా కింద ఏం తయారవుతోందో బోర్డుకు కళ్ళెదుట కనిపించింది కాబట్టి ఆగారు. మీ క్లబ్‌లో అలా కనిపించేది ఏదైనా ఉంటే ఆగమని నేనూ అంటాను. ఏమీ లేకపోతే ఫెర్గూసన్ పేరు చెప్పి ఆగడంలో అర్థం లేదు.

ఆర్సెనల్ కూడా ఇలాంటిదే, అదీ మనం చూస్తుండగానే జరిగింది. మేనేజర్ ఆర్టెటా వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానంలో ముగించాడు, 2021-22లో మొదటి మూడు మ్యాచ్‌లూ ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఓడిపోయి పట్టికలో అట్టడుగున ఉన్నాడు. మా ఫ్రెండ్ ఇంట్లో ఆర్సెనల్ అభిమాని ఒకాయన "ఏంది సామీ ఈయన, ఇంకా ఎందుకు ఉంచారు" అని తల పట్టుకున్నాడు. కానీ ఆ వేసవిలోనే క్లబ్ వయసు తక్కువున్న ఆటగాళ్ళను ఒక పద్ధతి ప్రకారం కొంది, ఎవరిని ఎందుకు కొంటున్నారో కొనేవాళ్ళకూ మేనేజర్‌కూ ఒకే మాట ఉంది. ఆ సీజన్ ఐదో స్థానం, తర్వాత వరసగా మూడుసార్లు రెండో స్థానం.

మన దగ్గరి ఉదాహరణ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే తెలుగువాళ్ళలో చాలామంది దీన్ని అప్పుడే మర్చిపోయారు, నాకది బాధ. హైదరాబాద్ ఎఫ్‌సీ తన మొదటి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్ 2019-20లో ఆఖరి స్థానంలో నిలిచింది, కోచ్ ఫిల్ బ్రౌన్‌ను 2020 జనవరిలో మధ్యలోనే తీసేశారు, అయినా ఆఖరి స్థానం తప్పలేదు. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆయన మొదటి సీజన్‌లో ఆఖరి మ్యాచ్ గోవాతో డ్రా అయి ఐదో స్థానంలో ఆగిపోయారు, ప్లేఆఫ్ చేజారింది. కానీ ఆ జట్టు ఆడిన తీరు చూసినవాళ్ళెవరూ ఆయన్ను మార్చమనలేదు, కుర్రాళ్ళు భయం లేకుండా ఆడుతున్నారు, క్లబ్ ఆయన్నే ఉంచింది. 2022 మార్చిలో గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తారు, గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే నేను నెల్లూరులో టీవీ ముందు అరిచిన అరుపులకు పక్కింటివాళ్ళు లేచి వచ్చారు.

అదే మార్కెజ్ 2024లో భారత జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ జూన్‌లో అప్పటి కోచ్ స్టిమాచ్‌ను తీసేశారు, అంతకు ముందు మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడిన రోజే ఆయన పని అయిపోయిందని అందరికీ తెలుసు. మార్కెజ్ వస్తే మారుతుందనుకున్నాం. ఏడాది తిరిగేసరికి, 2025 జులైలో, ఆయనా వెళ్ళిపోయాడు. హైదరాబాద్‌ను ఛాంపియన్ చేసిన మనిషి ఇక్కడ ఎందుకు గెలిపించలేకపోయాడు? నాకు కనిపించే ప్రధాన కారణం, గోల్ కొట్టేవాడు లేడు. ఐఎస్‌ఎల్ క్లబ్బుల్లో ముందు నిలబడి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ స్థానం ఎక్కువగా విదేశీ ఆటగాళ్ళకే ఇస్తారు, మన కుర్రాళ్ళకు ఆ చోట ఆడే అవకాశమే తక్కువ. రిటైరైన సునీల్ ఛెత్రీని నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిపించుకోవాల్సి వచ్చింది. ఇంకో ముగ్గురు కోచ్‌లను మార్చినా ఈ లోటు అలాగే ఉంటుంది.

ఇంతా చెప్పి, తీసేయడం ఎప్పుడూ తప్పేనని నేను అనడం లేదు. చెల్సీ 2021 జనవరిలో మేనేజర్ లాంపార్డ్‌ను, అంటే అభిమానులకు ప్రాణమైన మనిషిని తీసేసి టుకెల్‌ను తెచ్చింది, మే నెలలో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. అక్కడ జట్టులో సత్తా ఉంది, డిఫెన్స్ మాత్రం చెదిరిపోయి ఉంది, దాన్ని సరిచేయగల మనిషి ఖాళీగా దొరికాడు, క్లబ్‌కు ఆ సంగతి తెలుసు. ఇలాంటప్పుడు మొహమాటపడి ఆగితే అది ఆటగాళ్ళకే అన్యాయం.

మా జట్టులో కూడా, ఆ సార్ తర్వాత కొన్నేళ్ళకు వచ్చిన ఒక కోచ్‌ను పంపేయడమే సరైన పని అయింది. ఆయనకు ఆట తెలుసు, కానీ ఓడిన ప్రతిసారీ ఒక కుర్రాడిని అందరి ముందు నిలబెట్టి తిట్టేవాడు. మెల్లగా ఏమైందంటే, బంతి వస్తే ఎవరూ ముందుకు పాస్ ఇచ్చేవాళ్ళు కాదు, తప్పు పోతే తిట్లు తినాలి కదా, వెనక్కో పక్కకో ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్ళు. హాఫ్ టైమ్‌లో ఆయన మాట్లాడుతుంటే ఒక్కరూ ఆయన ముఖం చూసేవాళ్ళు కాదు, బూట్ల లేసులు విప్పుకుంటూ కట్టుకుంటూ కూర్చునేవాళ్ళం. మైదానంలో దిగి ఆడినవాళ్ళకు ఆ వాతావరణం తెలుస్తుంది. అది వచ్చాక ఎంత గొప్ప కోచ్ అయినా ఆ జట్టుతో ఇక చేయగలిగిందేమీ లేదు. ఆయన స్థానంలో మా సీనియర్ ఆటగాడే బాధ్యత తీసుకున్నాడు, కప్పులేమీ గెలవలేదు గానీ ప్రాక్టీస్‌కు మళ్ళీ అందరూ రావడం మొదలుపెట్టారు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఒప్పందం మధ్యలో పంపేస్తే పరిహారం కట్టాలి. మేనేజర్ మౌరిన్యోను, ఆయన సిబ్బందిని 2018 డిసెంబరులో పంపడానికి యునైటెడ్‌కు 1.96 కోట్ల పౌండ్లు అయింది. అదే క్లబ్ మేనేజర్ టెన్ హాగ్‌కు 2024 జులైలో ఒప్పందం పొడిగించి అక్టోబరులో తీసేశారు. ఆ మాత్రం నమ్మకం లేనప్పుడు వేసవిలోనే పంపేసి ఉంటే కొత్త మేనేజర్‌కు ప్రీ సీజన్ (సీజన్‌కు ముందు తయారీ సమయం) మొత్తం దొరికేది, తనకు కావలసిన ఆటగాళ్ళను కొనుక్కునేవాడు. బదులుగా నవంబరులో వచ్చిన అమోరిమ్, వేరేవాళ్ళ కోసం కొన్న జట్టుతో ముగ్గురు సెంటర్ బ్యాకుల పద్ధతి ఆడించబోయాడు, ఆ సీజన్ 15వ స్థానంలో ముగిసింది. దీనికి నేను మేనేజర్ల కంటే పైన కూర్చుని నిర్ణయాలు తీసుకున్నవాళ్ళనే ఎక్కువ తప్పుపడతాను. మేనేజర్ వారానికోసారి కెమెరాల ముందు కూర్చుని జవాబు చెప్పాలి, వాళ్ళు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక మీ క్లబ్. వచ్చే మ్యాచ్ చూసేటప్పుడు స్కోరు పక్కన పెట్టి ఆఖరి ఇరవై నిమిషాలు బంతి దగ్గర లేని ఆటగాళ్ళను గమనించండి. బంతి పోగొట్టుకున్నాక వింగర్లు వెనక్కి పరిగెత్తుతున్నారా, లేక నడుస్తున్నారా? ఒకడు తప్పు చేస్తే పక్కవాడు వెళ్ళి భుజం తడుతున్నాడా, చేతులు ఎత్తేసి నిలబడుతున్నాడా? ఎక్స్‌జీ (వచ్చిన అవకాశాలను బట్టి ఎన్ని గోల్స్ రావాలో చెప్పే అంచనా) లెక్కలు చూసే అలవాటు ఉంటే అవీ చూడండి, మంచి అవకాశాలు సృష్టిస్తూ గోల్స్ మాత్రం రాకపోతే అది ఆగాల్సిన జట్టు. బ్రైటన్ అలాగే 2020-21లో 16వ స్థానంలో ఉన్నా మేనేజర్ పాటర్‌ను ఉంచుకుని తర్వాతి ఏడాది తొమ్మిదో స్థానానికి చేరింది. తీసేసే పరిస్థితే కనిపిస్తే మాత్రం డిసెంబరు లోపే జరగాలి, కొత్తగా వచ్చినవాడికి ఆటగాళ్ళను కొనుక్కునే జనవరి ట్రాన్స్‌ఫర్ విండో అయినా చేతిలో ఉండాలి కదా. క్లబ్ పేరు మీరు రాయలేదు. అదేదో చెప్పి, మీకు మ్యాచ్‌లో ఏం కనిపించిందో కింద రాయండి, నేనూ అదే మ్యాచ్ చూసి నాకేమనిపించిందో చెప్తాను.