టేపు కత్తిరించబోయే మేనల్లుడికి

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

పాత బీరువాలోని క్యాసెట్ల పెట్టెను నువ్వు తీసుకువెళ్లావనీ, చెడిపోయినవాటిని ఇంట్లోనే బాగుచేసి కంప్యూటర్లోకి ఎక్కించబోతున్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో ఆ పెట్టె మీద మనసు పెట్టినవాడు ఇన్నాళ్లకు ఒకడు దొరికాడని ఎంతో పొంగిపోయాను. కానీ ‘రెండు రోజుల్లో అయిపోతుందట’ అని వాడు చివర్లో అన్న మాటకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అది రెండు రోజుల్లో తేలే పని కాదు నాయనా.

ముందు బాగుచేయవలసింది క్యాసెట్‌ను కాదు, ప్లేయరును. టేపు నలిగిపోతే అందరూ క్యాసెట్‌నే తిడతారు కానీ, తప్పు చాలాసార్లు ప్లేయరుదే. సన్నని ఇనుప ఇరుసూ, దానికి ఆనుకుని తిరిగే రబ్బరు చక్రమూ కలిసి టేపును ముందుకు లాగుతాయి. అలా వచ్చిన టేపును అవతలి చక్రం ఎప్పటికప్పుడు చుట్టుకోవాలి. లోపలి బెల్టు సాగిపోయి ఆ చక్రం నెమ్మదించినా, రబ్బరుకు జిగురు పట్టినా, టేపు కుప్పపడి రబ్బరు చక్రానికి చుట్టుకుపోతుంది. కాబట్టి టేపును తాకి శబ్దాన్ని అందుకునే హెడ్‌నూ ఇరుసునూ రబ్బరు చక్రాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పోయినా బాధ లేని క్యాసెట్ ఒకటి పెట్టి, రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడు. అది నిక్షేపంగా బయటికి వచ్చాకే మిగతావాటి మాట.

క్యాసెట్ డొప్పకు ఐదు స్క్రూలుంటే బల్ల మీద స్క్రూల వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టి విప్పు; పై డొప్పను నిటారుగా లేపి, దేన్నీ ముట్టుకోకముందే ఫోటో తీసుకో. స్క్రూలు లేకుండా అతికించేసినవాటిని అంచు వెంట నెమ్మదిగా చీల్చి, లోపలి చుట్టలను స్క్రూలున్న వేరే డొప్పలోకి మార్చు. స్క్రూడ్రైవరుకు అయస్కాంతం ఉండకూడదు. మధ్యలో రేకు మీద ఉండే చిన్న ఫెల్ట్ మెత్త ఊడిపోయి ఉంటే, పాత క్యాసెట్ ఒకదాన్నించి రేకుతో సహా తీసి అమర్చుకో. కిటికీలోంచి చూసినప్పుడు చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని ప్లేయరులో పెట్టావా, మిగతా క్యాసెట్లన్నిటికీ అంటిస్తావు. విడిగా ఓ సంచిలో ఉంచు, ముట్టుకునేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకో.

ఇక నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిన అసలు సంగతికి వస్తాను.

ఆ పెట్టెలో ఎర్రసిరాతో అడ్డగీత కొట్టిన క్యాసెట్ ఒకటి ఉంటుంది. ఆ గీత నేను కొట్టిందే. దాని ‘ఏ’ వైపున మీ తాతయ్య పాత ఉత్తరాలు చదివి వినిపిస్తారు. ఒకనాడు ప్లేయరు దాన్ని పట్టేసి, జానెడు టేపును ముడతలుపెట్టింది. ఆ చోట ఏముందో నాకు బాగా తెలుసు: నాన్న ఒక ఉత్తరం ముగించి, ఇంకొకటి విప్పుతూ ఆగుతారు, కాగితం చప్పుడు తప్ప మాట ఉండదు. పోయేది నిశ్శబ్దమే కదా అనుకున్నాను. కత్తెర తీసుకుని ముడతలపడ్డ ముక్కను కోసేసి, రెండు కొసలనూ సెల్లోటేపుతో అతికించి, ముక్కను చెత్తబుట్టలో వేశాను. తిప్పి విన్నాను. నాన్న ఉత్తరం నుంచి ఉత్తరానికి తడబాటు లేకుండా వెళ్లిపోయారు. ఎంత నేర్పుగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అందులో సగం ‘ఏ’ వైపుకు, తక్కిన సగం ‘బి’ వైపుకు. ఒకే పట్టీ మీద రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. ఒక వైపు కోస్తే రెండో వైపూ తెగుతుంది. ఇది నాకు తెలియనిదేమీ కాదు, ఆ క్షణంలో తట్టలేదంతే. ‘బి’ వైపున ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్న మాటలున్నాయి. రికార్డరు కనిపిస్తే నోరు విప్పని మీ నానమ్మ ఆ టేపు మొత్తంలో ఒక్కచోటే మాట్లాడింది. కొన్ని వారాల తర్వాత అటువైపు పెట్టి వింటూ ఉంటే, ఆమె గొంతు ‘పెద్దదానికి చెప్పండి’ అన్నది. టక్కుమని ఒక చిన్న చప్పుడు. ఆ వెంటనే ఎవరో తలుపు మూస్తున్నారు.

ఆ పెద్దదాన్ని నేనే. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. జానెడు అంటే దాదాపు ఐదు సెకన్లు. ఐదు సెకన్లలో మనిషి ఎంత మాట చెప్పగలడో నువ్వే గడియారం పెట్టుకుని చూడు. మీ నాన్నను అడిగితే, వాడప్పటికి చిన్నవాడు, గుర్తులేదన్నాడు. అడగడానికి అమ్మ లేదు. చెత్తబుట్ట ఏనాడో ఖాళీ అయింది. అది చాలదన్నట్టు, రెండేళ్లకు ఆ సెల్లోటేపు జిగురు కారి పక్క చుట్టకు అంటుకుని, విప్పబోతే అక్కడ శబ్దాన్ని పట్టి ఉంచే గోధుమరంగు పూత కూడా ఊడివచ్చింది.

ముడతలు పడిన టేపును కోయవలసిన అవసరమే లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. దాన్ని మెత్తని పొడిబట్ట మీద పరిచి, పూత లేని వెనుకవైపున వేలితో నిదానంగా నిమిరి, బిగువుగా చుట్టి కొన్నాళ్లు ఉంచితే చాలావరకు సాపు అవుతుంది. ఆ చోట శబ్దం కాస్త మందగిస్తుంది, మాట మాత్రం నిలుస్తుంది. ఇస్త్రీపెట్టె జోలికి మాత్రం వెళ్లకు, టేపు ముడుచుకుపోతుంది. సాగిపోయిన టేపును మళ్లీ పూర్వస్థితికి తేవడం ఎవరివల్లా కాదు గనుక 120 నిమిషాల క్యాసెట్లతో మరింత జాగ్రత్త. 60 నిమిషాలవాటి టేపు సుమారు 18 మైక్రాన్ల మందం ఉంటే, వీటిది సుమారు 9 మాత్రమే.

నిజంగా తెగిపోయినచోట అతకక తప్పదు. క్యాసెట్ల కోసమే చేసిన స్ప్లైసింగ్ టేపు తెప్పించుకో. రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కొత్త బ్లేడుతో 45 డిగ్రీల వాలులో, తప్పనిసరి అయినంత మేరకే ఒక్క కోతలో కోసి, కొసలు ఒకదానికొకటి ఆనేలా వెనుకవైపున అతికించు. బయటికి, అంటే హెడ్ వైపుకు తిరిగి ఉండేది పూత ఉన్న వైపు. అక్కడ జిగురు తగలకూడదు. కోసిన ముక్క ఎంత చిన్నదైనా ఒక కవరులో వేసి, ఏ క్యాసెట్‌దో, ఎక్కడిదో రాసిపెట్టు. క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు చిన్న రెక్కలను పనిలోకి దిగకముందే విరిచెయ్యి. లేకపోతే రికార్డు బటన్ మీద పొరపాటున వేలు పడితే నేను చేసినదానికన్నా పెద్ద నష్టం నువ్వు చేస్తావు. బాగుచేసిన టేపును మొదటిసారి తిప్పేటప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించు, రెండోసారి అది తిరుగుతుందన్న నమ్మకం పెట్టుకోకు.

కోప్పడుతున్నానని అనుకోకు. చిన్నప్పుడు నువ్వు గడియారం విప్పి మళ్లీ బిగించిన రోజున నీ పక్కన కూర్చున్నది నేనే, నీ చేతుల మీద నాకు నమ్మకముంది. నీ తొందర మీద మాత్రం లేదు.

ఎర్రగీత క్యాసెట్‌ను అన్నిటికన్నా చివర పెట్టుకో. నా పాత అతుకును మెల్లగా ఊడదీసి, మిగిలిన జిగురును వెనుకవైపు మాత్రమే కొద్దిపాటి ఆల్కహాల్‌తో తుడిచి, ఇంకొక వెంట్రుకంత కూడా కోయకుండా ఆ కొసలనే మళ్లీ కలుపు. దాన్ని తెరిచే రోజు నాకు ముందుగా చెప్పు. అంత సన్నని టేపు ఇప్పుడు నా కళ్లకు ఆనదు కానీ, దీపం పట్టుకుని నీ పక్కన కూర్చోగలను.

మీ అత్తయ్య