మాడ్యులర్ సింథసైజర్‌లో (మాడ్యూళ్లనే విడి పెట్టెలను కేబుళ్లతో కలిపి శబ్దం పుట్టించే వాద్యం) నాయిజ్, ఫీడ్‌బ్యాక్ ప్యాచ్‌ల (కేబుళ్ల అమరికల) కోసం ముందుగా ఏ నాయిజ్ మాడ్యూల్ కొనాలి?

ఏదీ కొనకండి. నాయిజ్, అంటే శ్రుతి లేని హోరు, అన్నిటికంటే చౌక సరుకు. ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ తీసుకుని, కలెక్టర్ కాలును గాలికి వదిలేసి, ఎమిటర్-బేస్ జంక్షన్‌కు రెసిస్టర్ మీదుగా 12 వోల్టులు తలకిందులుగా ఇవ్వండి. జంక్షన్ బ్రేక్‌డౌన్ అయి హోరు పుడుతుంది. దాన్ని ఆప్-ఆంప్ అనే చిన్న ఆంప్లిఫైయర్ చిప్‌తో పెంచుకుంటే చాలు. అన్ని ట్రాన్సిస్టర్లూ ఒకేలా హోరెత్తవు కాబట్టి పదో పరకో కొని, గట్టిగా అరిచేదాన్ని ఏరుకోండి. మిగిలిన డబ్బు మంచి వీసీఏ (వోల్టేజీతో గెయిన్‌ను హెచ్చించి తగ్గించే ఆంప్లిఫైయర్) మీద పెట్టండి. ఫీడ్‌బ్యాక్ అంటే బయటికి వచ్చిన శబ్దాన్నే మళ్లీ లోపలికి తిప్పే లూప్. అందులో గెయిన్ (ఒక చుట్టుకు శబ్దం ఎన్ని రెట్లవుతుందో ఆ లెక్క) ఒకటికి కాస్త తగ్గితే శబ్దం చచ్చిపోతుంది, కాస్త మించితే క్లిప్ అయ్యేదాకా, అంటే ఇక పెరగలేక అలల తలలు తెగేదాకా, పెరుగుతూ పోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న సన్నని గట్టు మీద నడిపించేది వీసీఏ ఒక్కటే. వీడియోల్లో గోడంత మాడ్యూళ్ల ర్యాక్ ముందు నిలబడి కేబుళ్లు చూపించేవాళ్లలో ఎక్కువ మందికి ఈ సంగతి పట్టదని నా గట్టి అభిప్రాయం.

మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. ఇక్కడికి విడిభాగాలు తెప్పించడం వేరే భాగవతం. కొరియర్ వాళ్లకు మా పిన్‌కోడ్ అంటే ఎందుకంత బెదురో తెలియదు. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో చిన్నాన్నగారి చిరునామా ఇస్తే మాత్రం బుద్ధిగా వస్తాయి. హైదరాబాద్‌లో అమ్మేవాళ్లు "మీది ఒడిశా కదా, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చు?" అని అడుగుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడి సరిహద్దు మారింది గానీ ఇళ్లలో మాట మారలేదని ఎంతమందికని చెప్పను!

అసలు విషయానికి వస్తాను. మా మామయ్యది మైక్‌సెట్ వ్యాపారం. మైకు కీచుమనకుండా చూడడమే ఆయన వృత్తి. పందిట్లో కార్యక్రమం మొదలవకముందే గెయిన్ పెంచి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కూత వస్తుందో విని, గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో ఆ స్లైడర్‌ను కిందికి లాగేస్తాడు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. రథయాత్ర హడావిడి కూడా అయిపోయాక సామాను కొట్టులో ఖాళీగా పడి ఉంటే, ఆయన 31 బ్యాండ్ల ఈక్వలైజర్‌ను నా లూప్‌లో పెట్టాను. నాయిజ్‌ను ఫిల్టర్‌లోకి పంపి, అక్కడినుంచి వీసీఏకు, తర్వాత ఈక్వలైజర్‌కు, ఆపైన మైక్‌సెట్ వాళ్లందరికీ తెలిసిన పీటీ2399 ఎకో చిప్‌కు, మిక్సర్ మీదుగా మళ్లీ ఫిల్టర్‌లోకి. యూరోరాక్ (ఈ మాడ్యూళ్ల ప్రామాణిక పద్ధతి) సిగ్నల్ పై కొస నుంచి కింది కొసకు సుమారు 10 వోల్టులు ఉంటుంది. బయటి పరికరాలకు పంపేముందు బాగా తగ్గించండి, స్పీకర్‌కు ముందు శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టండి. ఎడతెగని కీచుకు మొదట బలయ్యేది సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్, ట్వీటరే, ఆ తర్వాత మీ చెవులు.

లూప్ రాజుకున్నాక నాయిజ్ కేబుల్ పీకేశాను. శబ్దం ఆగలేదు. నాయిజ్ కేవలం నిప్పురవ్వ, మంట లూప్‌ది. ఇంతలో మామయ్య వచ్చాడు. "ఒరేయ్, మైకు ఆన్‌లో వదిలేశావు" అంటూనే ఆయన చెయ్యి రెండున్నర కిలోహెర్ట్జ్ స్లైడర్ మీదికి వెళ్లిపోయింది, చూడకుండానే. లాగాడు. కూత అక్కడ ఆగి ఇంకోచోట లేచింది. అదీ లాగాడు, మరోచోట లేచింది.

"మైకు ఏదిరా?"

"లేదు మామయ్యా."

"మరి కూసేది ఏమిటి?"

చెప్పాను. కాసేపు ఆ పెట్టెనే చూశాడు. తర్వాత జీవితమంతా కిందికి లాగిన స్లైడర్లను ఒక్కొక్కటే పైకి తోయడం మొదలుపెట్టాడు. ఆ ఈక్వలైజర్‌లో పక్కపక్క బ్యాండ్ల మధ్య దూరం ఆక్టేవ్‌లో మూడో వంతు, అంటే నాలుగు అర్ధస్వరాలు. ఒకటి షడ్జమం అనుకుంటే పక్కది అంతర గాంధారం, దాని పక్కది శుద్ధ ధైవతం. లూప్‌లోని ఆలస్యాన్ని బట్టి శ్రుతి అటూ ఇటూ జరుగుతుందనుకోండి. అయినా నాదస్వరం వాళ్ల మైకుల పక్కన బతుకు గడిపిన మనిషి, "గాంధారం కదరా ఇది!" అని పట్టేశాడు.

ఆ సమయంలోనే కరెంటు పోయింది. తిరిగి వచ్చాక నాబ్‌లు, స్లైడర్లు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి గానీ శబ్దం వేరు: కింద ఎక్కడో గుడగుడమంటోంది. "నేను ముట్టుకోలేదు" అన్నాడు మామయ్య, ఎవరూ అడగకుండానే. ఇలాంటి లూప్‌కు స్థిరపడే దారులు చాలా ఉంటాయి. ఏది గెలుస్తుందో మొదటి క్షణంలోని చిన్న అలజడే తేలుస్తుంది. అందుకే "నాబ్‌ల ఫొటో పెట్టండి" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫొటో దేనికి? రికార్డింగ్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి.

ఇదంతా విదేశీ పిచ్చి అనేవాళ్లకు ఒక మాట. 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ కంపెనీ మాడ్యులర్ సింథసైజర్ నెలకొల్పారు. ఆ పని మీద వచ్చిన అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్, ఎలక్ట్రానిక్ పరికరాలను వాటిలోకే తిప్పి కలిపి ఫీడ్‌బ్యాక్‌తో సంగీతం చేసినవాళ్లలో ముందువరుస మనిషి. ఆ స్టూడియో గురించి మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక్క ముక్క చెప్పరు.

చేతిలో డబ్బు లేకపోతే వీసీవీ ర్యాక్ అనే కంప్యూటర్ మాడ్యులర్ సింథసైజర్‌కు ఉచిత వెర్షన్ ఉంది. అందులో ప్రతి కేబుల్‌కు ఒక శాంపిల్ (డిజిటల్ శబ్దంలో అతి చిన్న ముక్క) ఆలస్యం ఉంటుంది కాబట్టి లూప్‌లు చక్కగా నడుస్తాయి. ఈక్వలైజర్ కావాలంటే పాత మైక్‌సెట్ కొట్లలో అడగండి. స్లైడర్లు గరగరలాడేదే చూసి తీసుకోండి. బేరమాడటానికి సాకు దొరుకుతుంది, లూప్‌లో ఆ గరగర కూడా పనికొస్తుంది.